నా భార్య ఏ బిడ్డనూ పోగొట్టుకోలేదు

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, కందుల మూట అంటే ఏమిటో తెలియనివారు ఈ పత్రిక చదివేవారిలో ఉండవచ్చు గనుక ముందు అది చెప్పి, తరువాత మా చీకటి దినాల్లోకి వస్తాను. మా తాండూరు వైపు మా సంఘంలో పెళ్లయిన ఆడబిడ్డకు వరుసగా మూడు నెలలు ముట్టు రాకపోతే, ఆమె అత్త కొత్త గుడ్డలో కందులు మూటగట్టి ఆదివారంనాడు తెచ్చి గుడిలో బల్ల మీద పెడుతుంది. పాస్టరుగారు ఆ కోడలి పేరు చెప్పి అందరిచేత స్తోత్రం చెప్పిస్తారు. బిడ్డ పుట్టేదాకా ఆ మూట గుడిలోని చెక్కపెట్టెలోనే ఉంటుంది, బాప్తిస్మం రోజు విందుకు పప్పు ఆ కందులతోనే వండుతారు. మంచి ఆచారమే! పరుల పొలాల్లో కూలి చేసిన మా తాతలు, చేతికి వచ్చిన గింజల్లో మొదటి పిడికెడు దేవునికి ఇచ్చిన నాటి నుండి అది వస్తూ ఉంది. కాని బిడ్డ నిలవకపోతే ఆ మూటను మాట మాట్లాడకుండా తిరిగి ఇంటికి పంపిస్తారు. దాన్ని వండకూడదు, విత్తకూడదు, అమ్మకూడదు. మా ఇంటి అటక మీద అలాంటి మూటలు మూడు చేరాయి.

నేను హైదరాబాదులో సర్వే పని, డ్రాయింగు నేర్చుకొని వచ్చి తాండూరు బండల గనుల్లో కొలతల పని చేస్తున్నాను. మంచి బండ ఎంత లోతులో తగులుతుంది, పొరలు ఎటు వాలుతున్నాయి, నిలిచిన నీళ్లు ఎటు తోడాలి, ఇవన్నీ గీసి ఇవ్వడం నా పని. నా భార్య కరుణ బషీరాబాదు పిల్ల, బడి చదువు ఉంది, పాట ఎత్తుకుంటే గుడి వెనకాల నిలబడినవారికి కూడా మాట మాట వినబడుతుంది. పెళ్లయిన మొదటి ఏడే ఆమెకు మూడు నెలలు ముట్టు రాలేదు. మా అమ్మ ఎస్తేరమ్మ సంతోషం పట్టలేక మూట కట్టింది, సంఘమంతా స్తోత్రం చెప్పింది! ఇంకో నెల గడిచాక ఒక ఉదయం కరుణకు నడుము, పొత్తికడుపు నొప్పి పుట్టి, గడ్డలు గడ్డలుగా రక్తం పోయింది, ఆడవాళ్లు తలుపు మూసుకొని గుడ్డలు మార్చారు, నేను వాకిట్లో నిలబడి ప్రార్థన చేస్తూనే ఉన్నాను. చివరికి మార్తమ్మ బయటికి వచ్చింది. మా సంఘంలో ఆడవాళ్లకు పెద్ద దిక్కు ఆమె, పురుళ్ల దగ్గరైనా చావుల దగ్గరైనా ముందుగా మోకరించేది ఆమే. నా భుజం మీద చెయ్యి వేసి, "పోయింది తమ్మీ, గుండె రాయి చేస్కో" అన్నది.

మరుసటి ఏడు మళ్లీ అంతే. ఆ తరువాత ఇంకోసారి అంతే. మూడు మూటలు వెళ్లాయి, మూడు మూటలు తిరిగి వచ్చాయి.

దుఃఖానికి కారణం దొరికితే మనిషికి కొంచెం ఊరట అని నేను అప్పుడు చూశాను, సహోదరులారా, అయితే ఆ ఊరటకు వెల ఎవరు చెల్లిస్తారో కూడా చూశాను! మొదటిసారి, కరుణ నిండు కడవ ఎత్తినందుకు పోయిందన్నారు. రెండోసారి, ఎడ్లబండి మీద పుట్టింటికి వెళ్లి వచ్చినందుకు పోయిందన్నారు. మూడోసారి ఆమె కడవ ముట్టలేదు, బండి ఎక్కలేదు, మంచం దిగలేదు, అందుకని ఏ కారణమూ దొరకక ఆమె విశ్వాసంలోనే పగులు ఉందన్నారు. పుట్టిన పసిపిల్లలను ఆమె చేతికి ఇవ్వడం మానేశారు. ఎవరూ ఇవ్వవద్దని పైకి చెప్పలేదు, కాని కరుణ దగ్గరికి రాగానే తల్లులు బిడ్డను ఈ భుజం నుండి ఆ భుజానికి మార్చుకునేవారు.

ఆమె ఒంట్లో ఇంకా కొన్ని సంగతులు ఉండేవి, అవి ఒకదానికొకటి సంబంధం ఉన్నవని మాలో ఎవరికీ తోచలేదు. గడ్డం కింద, పెదవి పైన వెంట్రుకలు నల్లగా వచ్చేవి, ఆమె కొంగు నోటిదాకా లాక్కొని తిరిగేది. ఇంట్లో అందరికన్నా తక్కువ తిన్నా ఒళ్లు పెరిగేది. మొహం నిండా మొటిమలు. మెడ వెనక చర్మం నల్లబడి మందంగా అయింది, అది మురికి అనుకొని మా అమ్మ, "ఏం పిల్లా, మెడ కడుక్కోను గూడ నేనే రావాల్నా?" అనేది, కరుణ ఆ మాట పడలేక ఇటుకముక్కతో మెడ రుద్దుకొని పుండు చేసుకున్నది. అమ్మ చెడ్డది కాదు. మా నాన్న చనిపోయాక నన్ను చదివించడానికి ఆమె పడిన కష్టం నాకు తెలుసు. మనవడిని ఎత్తుకోవాలన్న ఒక్క ఆశ ఆమెకు మిగిలింది, ఆ ఆశే ఆమె నోటిని అలా చేసింది.

ఒక తెల్లవారుజామున కరుణ తిరగలి దగ్గర జొన్నలు విసురుతూ చేసిన ప్రార్థన నేను విన్నాను. తిరగలి చప్పుడులో ఎవరికీ వినబడదనుకొని గట్టిగానే చేసింది. "ప్రభువా, మూడు పానాలు నా కడుపుల నేనే సంపుకున్న. ఆ లెక్క నన్నడుగు. గాయిన్ని అడగకు. ఆయినకు ఇంకో ఇల్లాలినియ్యి, పిల్లల్నియ్యి. నన్ను మా అన్న ఇంట్ల ఓ మూల పడి ఉండనియ్యి." సహోదరులారా, ఆ మాటలు వినడం కంటే గనిలో బండ నా మీద పడడం తేలిక!

అయితే ఆ ప్రార్థనలో అడిగినదే బయట కూడా ఏర్పాటు అవుతున్నది. కంది కోతలు అయ్యాక బషీరాబాదు నుండి కరుణ అన్న దేవదానం వచ్చి ఆమెను తీసుకొని పోవాలని అమ్మ కబురు పంపింది. పైకి మాత్రం, "కొన్నాళ్లు పుట్టింట్ల ఉంటే మనసు తేటపడ్తది" అన్నది. అలా పుట్టింటికి వెళ్లి తిరిగి రాని కోడళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు, ఆ తరువాత ఆ ఇళ్లల్లోకి ఇంకో ఇల్లాలు వచ్చిన సంగతి కూడా అందరికీ తెలుసు. నేను వద్దని చెప్పాను. అమ్మ విన్నది కాని కబురు వెనక్కి తీసుకోలేదు. అంతకంటే కష్టం ఏమిటంటే, కరుణ తానే వెళ్లిపోతానన్నది.

సరిగ్గా ఆ దినాల్లోనే ఆమెకు మళ్లీ మూడు నెలలు ముట్టు రాలేదు!

ఇల్లంతా మారిపోయింది. అమ్మ కబురు సంగతే ఎత్తలేదు, కందులు చాటలో పోసి రాళ్లు ఏరుతూ కూర్చున్నది. మార్తమ్మ వచ్చి, "ఈసారి నిలుస్తది ఎస్తేరూ, నాకు లోపలనే తెలుస్తున్నది. ఆదివారం మూట తే" అన్నది. కరుణ మాత్రం గోడకు ఆనుకొని కూర్చున్నది, నాలుగోది కూడా తన చేతుల్లోనే పోతుందని ఆమెకు భయం. ఆమె మొహం చూసి నేను ఒక తీర్మానానికి వచ్చాను. గనిలో బండ పైకి నున్నగానే కనబడుతుంది, కాని దానిమీద బరువు పెట్టే ముందు సుత్తితో కొట్టి చప్పుడు వింటాం. మూడుసార్లు మేము కొట్టి చూడకుండానే బరువు పెట్టాము. "ఈసారి మూటకంటె ముందు ఆసుపత్రి" అన్నాను.

"దవాఖానకా? కడుపుతోటున్న పిల్లనా రైలెక్కిస్తవురా?" అని అమ్మ చాట కింద పెట్టింది. మార్తమ్మ నవ్వి, "చదువుకున్నోడు గదా ఎస్తేరూ, దేవుడిచ్చిన బిడ్డను గూడ టేపు పెట్టి కొలుస్తడు" అన్నది. ఆ సాయంత్రం మోకరించి, "ప్రభువా, ఇది నిజమైతే నిజమని, కాకపోతే కాదని తెలియజెయ్యి, ఏదైనా మోయడానికి బలమియ్యి" అని మాత్రం అడిగాను. మరునాడు పొద్దుటి ప్యాసింజరులో వికారాబాదు వెళ్లాము.

ఆసుపత్రిలో ఉన్న డాక్టరమ్మ కృష్ణా జిల్లా వైపు నుండి వచ్చిన ఆమె. నేను దారి పొడుగునా మనసులో వరుస పెట్టుకున్న సంగతులన్నీ, ఏది ముందు వచ్చింది, ఏది తరువాత వచ్చింది, ఏ సారి ఎన్నాళ్లు అని మొదలుపెట్టాను. ఆమె కాసేపు విని, "బాబూ, మీరు చెప్పేది చాలా బాగుంది, కాని ముట్టు రానిది మీకు కాదు కదా. ఆమెను చెప్పనివ్వండి" అని నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టింది. సిగ్గుపడ్డాను కాని ఆమె అన్నది న్యాయమే.

తరువాత కరుణ చెప్పగా తెలిసింది. డాక్టరమ్మ ఎన్నో అడిగిందట. పెద్దమనిషి అయిన నాటి నుండి నెల నెలా వచ్చేదా? రాలేదు, ఒకసారి వస్తే మళ్లీ మూడు నాలుగు నెలలకే, పుట్టింట్లో అది ఎవరూ పట్టించుకోలేదు. ఆ మూడుసార్లూ వాంతులు అయ్యాయా, రొమ్ములు సలిపాయా? ఒక్కసారి కూడా కాలేదు. పోయినదాంట్లో పిండాన్ని ఎవరైనా కళ్లారా చూశారా? రక్తం గడ్డలు తప్ప ఎవరూ ఏమీ చూడలేదు. ఇదంతా అడిగి, కడుపు నొక్కి చూసి, రేపు పొద్దుటి మొదటి మూత్రం సీసాలో పట్టి ఇమ్మని చెప్పి, "కప్పను అడుగుదాం" అన్నదట.

"కప్పనా?" అన్నది కరుణ.

"అవునమ్మా, కప్పనే. మగ కప్ప."

అది నాకు చెబుతూ కరుణ నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో!

మరునాడు డాక్టరమ్మ నన్ను కూడా లోపలికి పిలిచి ఆ పరీక్ష ఏమిటో చెప్పింది. కడుపుతో ఉన్న స్త్రీ మూత్రంలో ఒక రసం ఉంటుందట, దాన్ని మగ కప్ప చర్మం కిందికి సూదితో ఎక్కిస్తే కొన్ని గంటల్లో ఆ కప్ప బీజం వదులుతుంది, అది సూక్ష్మదర్శినిలో కనబడుతుంది. కడుపు లేకపోతే కప్ప ఏమీ వదలదు. "మరి కప్ప తప్పు చెబితే?" అని అడిగాను. ఆమె మెచ్చుకున్నట్టుగా చూసి, "అందుకే రెండు జాడీలు పెట్టాను. ఇందులో ఉన్న కప్పకు వార్డులో మూడో నెల గర్భిణి మూత్రం ఇచ్చాను. ఇందులో ఉన్నదానికి కరుణమ్మది. మీరే చూడండి" అన్నది. సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి చూశాను. మొదటిదాంట్లో సన్నని తోకలతో లెక్కలేనన్ని ప్రాణాలు ఈదుతున్నాయి. దేవుని సృష్టి ఎంత అద్భుతమైనది! రెండోదాంట్లో ఏమీ లేదు. నేను కన్ను నలుపుకొని మళ్లీ చూశాను, ఏమీ లేదు.

అప్పుడు ఆమె మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి చెప్పిన సంగతిని, అక్కచెల్లెళ్లారా, మీ కోసం నాకు తెలిసినంత సరిగ్గా రాస్తున్నాను. ఆడదాని కడుపులో గర్భసంచికి అటు ఇటు రెండు అండాశయాలు ఉంటాయి, నెలకొక అండం అక్కడ పక్వమై బయటికి వస్తుంది. కొందరిలో ఆ అండాలు సగం పెరిగి ఆగిపోయి చిన్న చిన్న నీటి బుడగల్లా అక్కడే నిలిచిపోతాయి, పైన పొర గట్టిపడుతుంది. అండం విడుదల కాకపోతే ముట్టు సమయానికి రాదు. గర్భసంచి లోపలి పొర మాత్రం నెలల తరబడి పేరుకుంటుంది, పేరుకున్నది ఒక్కసారిగా ఊడి పడినప్పుడు నొప్పితో, గడ్డలతో అంత రక్తం పోతుంది. చూసేవారికి అది కడుపు పోయినట్టే ఉంటుంది. మొహం మీది వెంట్రుకలు, మొటిమలు, తిండి లేకున్నా పెరిగే ఒళ్లు, మెడ మీది నలుపు, ఇవన్నీ ఆ ఒక్క జబ్బు కొమ్మలేనట! మేము ఒక్కొక్కదానికి ఒక్కొక్క తిట్టు వెతికాము, వాటికి వేరు ఒక్కటే.

కరుణ నేల చూస్తూ అడిగింది. "అయితే డాక్టరమ్మా, నా పిల్లలు?"

"ఆ మూడుసార్లు నేను అక్కడ లేను తల్లీ, కాబట్టి ఒట్టు పెట్టి చెప్పలేను. కాని నువ్వు చెప్పినవన్నీ ఈ జబ్బుకే సరిపోతున్నాయి, కడుపుకు ఒక్కటీ సరిపోవడం లేదు. నాకు తెలిసినంతవరకు నువ్వు ఏ బిడ్డనూ పోగొట్టుకోలేదమ్మా."

ఆమె సంతోషిస్తుందని నేను అనుకున్నాను. ఆమె మొహం కప్పుకొని ఏడ్చింది. "నేను వాళ్లకు పేర్లు పెట్టుకున్న" అన్నది. "పెద్దది శాంతి. రెండోవాడు దావీదు. మూడోదానికి పేరు దొరకక చిన్ని అనుకున్న." ఆ పేర్లు నేను వినడం అదే మొదలు. ఏదో చెప్పబోయాను, డాక్టరమ్మ చేత్తో ఆపి, "ఏడవనివ్వండి" అన్నది.

తిరుగు రైలులో ఆమె కిటికీ పక్కన కూర్చొని అన్నది. "అయితే నేను సంపలే."

"సంపలే."

"కడవ ఎత్తినందుకు గాదు."

"గాదు."

"బండెక్కినందుకు గాదు."

"గాదు, కరుణా."

తాండూరు వచ్చేదాకా ఆమె అడుగుతూనే ఉన్నది, నేను చెబుతూనే ఉన్నాను. విడుదల అనేది ఒక్కసారిగా దిగి వస్తుందని మనం చెప్పుకుంటాం, సహోదరులారా, నేను దాన్ని ప్యాసింజరు రైలులో, ఆగి ఆగి వస్తుండగా చూశాను. దేవునికే మహిమ!

ఇంటికి వచ్చి చెప్పగానే అమ్మ నమ్మలేదు. "మూడుమాట్ల గుడ్డలు ఉతికింది నేను. మూడుమాట్ల ఏడ్చింది నేను. గదంత ఉత్తదేనా?" అన్నది. ఊరిలో మాట పాకింది. "దేవుని మాటకన్న కప్ప మాట ఎక్కువాయెనా అయ్యా?" అని మార్తమ్మ గుడి మెట్ల మీదే అడిగింది. "దేవుడు చేసిన కప్పనే గదక్కా" అన్నాను. ఒక వాన పడిన రోజు గుంటల్లో కప్పలు అరుస్తుంటే గని పనివాళ్లు, "పౌలన్నా, మీ డాక్టర్లు పిలుస్తున్నరు, పో!" అని నవ్వారు. నేను కూడా నవ్వాను, ఏం చేస్తాను! ఇంకొన్నాళ్లకు కరుణకు నొప్పి వచ్చి రక్తం పోయింది, డాక్టరమ్మ ముందే చెప్పినట్టే. ఈసారి చెక్కపెట్టెలో మూట లేదు, అందుచేత తిరిగి రావలసినదీ లేదు.

అదే వారంలో దేవదానం బావ వచ్చాడు. కబురు కబురే గదా. వాకిట్లో చెప్పులు విడిచి, చెల్లెలి మొహం చూడలేక, "బట్టలు సదురుకున్నవా చెల్లె? బస్సు దొర్కదు మళ్ల" అన్నాడు. అమ్మ స్తంభం పక్కన నిలబడి ఉన్నది, ఉండమనలేదు, పొమ్మనలేదు. నేను నోరు తెరిచేలోగా కరుణే మాట్లాడింది. కొంగు మొహం మీదికి లాక్కోకుండా మాట్లాడింది.

"కాళ్లు కడుక్కో అన్నా, రొట్టె తిని పో. నేను రాను."

"మరి మీ అత్త..."

"అత్తనే అడుగుత." ఆమె అమ్మ వైపు తిరిగింది. "అత్తా, ఒక్కపారి నాతోటి ఆ డాక్టరమ్మ దగ్గరికి రా. ఆమె చెప్పింది నీ చెవులతోటి విను. విన్నంక గూడ పొమ్మంటవా, అన్న రానక్కర లేదు, నేనే బస్సెక్కి పోత."

అమ్మ స్తంభం వదిలి ముందుకు వచ్చి, "రైల్ల నాకు కిటికి దిక్కు సీటియ్యాలె" అన్నది. బావ నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు.

డాక్టరమ్మ ఈసారి అమ్మకు చెప్పింది, పలక మీద బొమ్మ గీసి చెప్పింది. ఆపరేషను ఒకటి ఉందని, కడుపు కోసి రెండు అండాశయాల్లోనూ పుచ్చకాయ ముక్క తీసినట్టు కొంచెం కొంచెం కోసి కుట్టేస్తే చాలామందికి ముట్టు సరిగా వస్తుందని, కొందరు గర్భవతులు కూడా అవుతారని చెప్పింది. "అందరూ కారు. మాట ఇవ్వను. మొహం మీది వెంట్రుకలు బహుశా పోవు. ఈ జబ్బున్నవారికి ముందు ముందు చక్కెర జబ్బు రావచ్చు, ముట్టు నెలల తరబడి ఆగితే గర్భసంచికి కూడా మంచిది కాదు. పిల్లల కోసం మాత్రమే కాదు, ఆమె ఆరోగ్యం కోసం కూడా దీన్ని చూడాలి" అన్నది. చేయించుకోవాలా వద్దా అని నన్ను అడగలేదు, అమ్మను అడగలేదు, కరుణను అడిగింది. కరుణ సరేనన్నది.

ఆపరేషను జరుగుతున్నప్పుడు అమ్మ వరండాలో మోకరించింది. ఆమె ప్రార్థనలు ఎప్పుడూ పొడుగ్గా ఉంటాయి, ఆ రోజు మాత్రం పొట్టిగా చేసింది. "అయ్యా, మనవణ్ణి ఇయ్యమని మస్తుగ అడిగిన. ఇయ్యాల గది అడగ. లోపలికి పోయిన పిల్లను బయటికి పంపు. గంతే." నేను ఆమె పక్కన మోకరించి ఆమెన్ అన్నాను.

దేవుడు ఆ ప్రార్థన విన్నాడు! తరువాత డాక్టరమ్మ చిన్న సీసాలో కోసి తీసిన ముక్క చూపించింది. పైన తెల్లని గట్టి పొర, దాని కింద వరుసగా చిన్న బుడగలు. అమ్మ ఆ సీసాను వెలుగుకు పట్టి, "దీనికా నేను పిల్లను గిన్ని మాటలన్నది?" అన్నది.

కరుణ లేచి తిరిగే రోజులు వచ్చాక ఒక ఆదివారం అమ్మ అటక మీది మూడు మూటలూ దింపింది. నేను వద్దనలేదు. పురుగు పట్టినవి తీసేసి, మిగిలినవి కడిగి, గుడి వెనకాల పెద్ద గిన్నెలో ఉడకపెట్టింది. మార్తమ్మ పరుగున వచ్చి, "ఏం జేస్తున్నవే ఎస్తేరూ, అవి సావు గింజలు!" అన్నది. "ఎవరు సచ్చిండ్రు? ఎవరు సావలే. గంటె పట్టుకో" అన్నది అమ్మ. మార్తమ్మ గంటె పట్టుకున్నది. ఆ పప్పు సంఘమంతా తిన్నది. ఇప్పుడు మా సంఘంలో మూట కట్టకముందు డాక్టరు దగ్గర చూపించుకొని రావాలని పాస్టరుగారు ప్రకటించారు, ఆ మాట మార్తమ్మే ఇల్లిల్లూ తిరిగి చెబుతున్నది, చెప్పనిదే ఊరుకోదు కూడా!

సహోదరులారా, ఇప్పుడు మీరు ఎదురుచూసే మాట ఒకటి ఉంది. బిడ్డ పుట్టిందా? లేదు. ఆపరేషను తరువాత ముట్టు నెలనెలా కాకపోయినా దగ్గర దగ్గరగా వస్తున్నది. ఇంకా బిడ్డ లేదు. వెంట్రుకలు పోలేదు. తీపి తగ్గించింది, రోజూ గని దారిలో నడుస్తున్నది. చక్కెర జబ్బు వచ్చిందేమో చూసే మూత్రం పరీక్షకు అప్పుడప్పుడు వికారాబాదు వెళ్లి వస్తున్నాము. ఈ సాక్ష్యం బిడ్డ పుట్టాక రాయమని కొందరు మంచి మనసుతోనే సలహా ఇచ్చారు, అప్పుడైతే దేవునికి ఎక్కువ మహిమ అన్నారు. నేను ఒప్పుకోలేదు. తన కడుపులో తానే హంతకురాలినని నమ్మిన స్త్రీ ఇప్పుడు తలెత్తి నడుస్తున్నది, ఇది విడుదల కాకపోతే మరి విడుదల అంటే ఏమిటి? ఇల్లు విడిచి వెళ్లిపోవలసిన మనిషి నా ఎదుట కూర్చొని, నేను ఈ మాటలు రాస్తుంటే తప్పులు దిద్దుతున్నది! దానికి నేను ఆగి స్తోత్రం చెప్పాలా?

మోమిన్‌పేట్ వైపు నుండి ఒక తల్లి తన కూతురిని తీసుకొని మొన్న మా ఇంటికి వచ్చింది. పెళ్లి కాని పిల్ల, ముట్టు సరిగా రాదు, గడ్డం మీద వెంట్రుకలు. ఆ పిల్ల కొంగు నోటిదాకా లాక్కొని గుమ్మం దగ్గరే నిలబడింది. కరుణ తన కొంగు తీసి, తన గడ్డం చూపించి, "ఇగో బిడ్డా, నాకు గూడ. దా, కూసో" అన్నది. మరునాడు ముగ్గురూ కలిసి వికారాబాదు వెళ్లారు.

మీ ఇంట్లో కోడలో, కూతురో, చెల్లెలో ఇలా బాధపడుతుంటే, ఆమెలో పాపం వెతకకండి. ప్రార్థన చేయండి, చేసి లేవండి, లేచి ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి. మోకాళ్లు ఇచ్చినవాడే కాళ్లు కూడా ఇచ్చాడు. ఆమె చెప్పేది డాక్టరు వింటుండగా, నాలాంటివాళ్లు బయట బెంచీ మీద కూర్చోవచ్చు. ప్రభువును నమ్మండి, ఆయన సత్యానికి భయపడే దేవుడు కాడు!

కరుణ నిన్న తిరగలి దగ్గర చేసిన ప్రార్థన ఆమె సెలవుతో ఇక్కడ రాస్తున్నాను. ఈసారి ఆమె తిరగలి ఆపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని చేసింది.

"ప్రభువా, బిడ్డనిస్తే నీకు వందనం. ఇయ్యకుంటె అలుగుత, ఏడుస్త, మళ్ల నీ దగ్గరికే వస్త. కాని నా ఒళ్లు నాకు వాపసిచ్చినవు. దీన్ని ఇంక ఎవ్వరేమన్న ఒప్పుకోను. ఆమెన్."